ఇటలీ పల్లెలో మూడు రాత్రులు: ఒంటరిగా, కారు లేకుండా వెళ్లేవారికి రైతు ఇంటి బస తగినదేనా?

గోదావరిగట్టు:
వచ్చే మే నెలలో నేను ఒక్కదాన్నే ఇటలీ వెళ్తున్నాను. రోముకూ ఫ్లోరెన్సుకూ మధ్య మూడు రాత్రులు ఖాళీగా ఉన్నాయి. అక్కడివారు ‘అగ్రితురీజ్మో’ అని పిలిచే రైతు ఇంటి బసలో వాటిని గడపాలని నా కోరిక. అయితే నేను రాసిన మూడు ఇళ్లలో రెండు, ఇద్దరికి తక్కువైతే గది ఇవ్వలేమన్నాయి. మూడోది ఒక్కరున్నా ఇద్దరి అద్దె కట్టాలంది. కారు నడపడం వచ్చినా, బండ్లు కుడివైపున నడిచే దేశంలో ఒంటరిగా స్టీరింగు పట్టే ధైర్యం నాకు లేదు. ఈ స్థితిలో పల్లె బసకే పట్టుబట్టడం వివేకమా, లేక చిన్న పట్టణంలో గది తీసుకొని పగటిపూట పల్లెలు చూసి రావడం మేలా?

రైలుబండి:
పట్టణమే మేలని నా నిశ్చితాభిప్రాయం. ఫొటోల్లో మనం మురిసిపోయే సైప్రస్ చెట్ల వరుసలు, గోధుమచేల గుట్టలు చాలావరకు ఓర్చా లోయవి. 2004లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఆ లోయలోని పియెంజా, మోంతాల్చీనో వంటి ఊళ్లకు రైలు లేదు. బస్సులు ఉన్నాయి గాని వాటి వేళలు బడిపిల్లల రాకపోకలను బట్టి సాగుతాయి. ఆదివారం వచ్చిందంటే అవీ కరవే. బస్సు దిగాక కూడా ఇల్లు తెల్ల కంకర దారిలో మూడు నాలుగు కిలోమీటర్లు లోపల ఉండవచ్చు. ఒర్వియేతోలో ఉండండి. అది రోము–ఫ్లోరెన్సు పాత రైలు మార్గంలోనే ఉంది. స్టేషను ఎదుటినుంచే తీగలతో లాగే రైలుపెట్టె మిమ్మల్ని కొండమీది ఊరికి చేరుస్తుంది. సాయంత్రం ఒంటరిగా నడిచినా చుట్టూ మనుషులుంటారు.

పొలంగట్టు:
ఓర్చా లోయ విషయంలో రైలుబండి గారు చెప్పినది అక్షరాలా నిజం, కాని ఇటలీ పల్లె అంటే ఆ లోయ ఒక్కటే కాదు. చాలామంది ఫొటో చూసి ఇల్లు ఎంచుకొని, తరువాత దారి వెతుక్కుంటారు. కారు లేనివారు ముందు స్టేషను చూసుకోవాలి, ఇల్లు ఆ తరువాత. రోము నుంచి ఫ్లోరెన్సు వెళ్లే ప్రాంతీయ రైళ్లు ఒర్వియేతో, క్యూజీ, తెరోంతోలా, అరెత్సోలలో ఆగుతాయి; కొన్ని కాముచాలోనూ ఆగుతాయి. ఈ స్టేషన్లకు ఐదారు కిలోమీటర్లలోపు ఉన్న ఇళ్లకే రాసి, రైలు దగ్గరకు వచ్చి తీసుకువెళ్లగలరా అని మొదటి వాక్యంలోనే అడగండి.

ఆ ఇళ్ల చరిత్ర తెలిస్తే అవి మనకు పరాయివిగా తోచవు. ఈ మార్గం సాగే టస్కనీ, ఉంబ్రియా ప్రాంతాలలో భూస్వామి, సాగుదారు పంటను చెరిసగం పంచుకొనే ‘మెద్జాద్రియా’ పద్ధతి శతాబ్దాలపాటు నడిచింది. మన సంగోరు సేద్యం వంటిదే. రెండో ప్రపంచయుద్ధం తరువాత ఆ సాగుదారుల కుటుంబాలు కర్మాగారాల పనికి పట్టణాలకు తరలిపోయాయి. 1964 చట్టం అటువంటి కొత్త ఒప్పందాలను నిషేధించింది. గుట్టలమీద పాడుబడిన ఆ రాతి ఇళ్లలో ఎన్నో తరువాత అతిథుల బసలయ్యాయి. వీటికోసం 1985లో జాతీయ చట్టం వచ్చింది, 2006లో దాని స్థానంలో మరొకటి వచ్చింది. సేద్యమే ప్రధానంగా ఉండాలని, అతిథుల వ్యవహారం దానికి అనుబంధంగానే సాగాలని ఆ చట్టం చెబుతుంది. అంటే మీరు దిగేది, కనీసం కాగితం మీద, వ్యవసాయం చేసే ఇంట్లో.

నేను ఒకసారి అక్టోబరులో, ఆలివ్ కాయలు కోసే రోజుల్లో, ఒంటరిగా అటువంటి ఇంట్లో ఉన్నాను. ఆ యాత్ర మొత్తంలో నాతో ఎవరైనా పది నిమిషాలకు మించి మాట్లాడినది ఆ ఇంటి భోజనాల బల్ల దగ్గరే. ఇద్దరి అద్దె కట్టించుకోవడం అన్యాయంగానే ఉంటుంది. కాని రాత్రి భోజనం కలిపి ధర అడిగితే, పట్టణంలో గదికి, హోటలు భోజనానికి అయ్యే ఖర్చుతో పోల్చినప్పుడు తేడా అంత బాధించదు.

మిలానో నుంచి:
పొలంగట్టు గారి మాటల్లో తేనె కాస్త ఎక్కువైంది. పదేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. ఈత కొలను చుట్టూ గదులు కట్టి, పేరుకు నాలుగు ఆలివ్ చెట్లు పెంచే చోట్లు కూడా ఇదే పేరుతో నడవడం చూస్తూనే ఉన్నాను. పైగా 2006 చట్టం ప్రకారం బసకు, భోజనానికి వచ్చే అతిథులు పదిమందికి మించకపోతే సేద్యమే ప్రధానమని లెక్క. వేరే రుజువు అక్కరలేదు. అందుకని చిన్న ఇల్లయితే చాలు నిజమైన రైతు ఇల్లే అనుకోవద్దు. అక్కడ ఏం పండిస్తారో, ఆ నెలలో ఏ పని జరుగుతుందో అడగండి. పొలం చేసేవారైతే పేజీ నిండా జవాబు రాస్తారు.

ఆగస్టులో చాలా ఇళ్లు శనివారం నుంచి శనివారం వరకు వారం లెక్కనే గది ఇస్తాయి. మే నెలలో అంత బిగింపు ఉండదు గాని, మే 1, జూన్ 2 సెలవులకు ఆనుకొన్న వారాంతాలు తప్పించండి. మంగళ, బుధ, గురువారాలకు అడిగితే ఒక్కరికి తగ్గించి ఇచ్చేవారు కూడా తారసపడతారు.

శాకాహారులైతే ముందే చెప్పండి. చేత్తో చేసే పీచీ సేమ్యాను వెల్లుల్లి, టొమాటో రసంతో పెడతారు; రొట్టె, క్యాబేజీ, చిక్కుడు గింజలు వేసి ఉడికించే రిబొల్లీతా కూడా ఉంటుంది. గొర్రెపాల జున్నును మాత్రం సాధారణంగా జంతువుల కడుపునుంచి తీసిన తోడుతోనే పేరబెడతారు. పట్టింపు ఉంటే అడిగి తెలుసుకోండి.

గోదావరిగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. డబ్బు సంగతి అర్థమైంది. భద్రత గురించి మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని ఇంట్లో, ఊరికి దూరంగా, ఒక్కదాన్నే ఉండబోతున్నానని అమ్మకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

మిలానో నుంచి:
2025 జనవరి 1 నుంచి ఇటువంటి బసలన్నీ తమ ప్రకటనల్లో జాతీయ గుర్తింపు సంఖ్యను చూపించాలి. అది లేని ఇంటి జోలికి వెళ్లవద్దు. అతిథి పాస్‌పోర్టు వివరాలను ఇంటివారు 24 గంటల్లోగా పోలీసులకు పంపాలి. మీరు ఎక్కడున్నారో ప్రభుత్వ లెక్కలో ఉంటుందని అమ్మగారికి చెప్పవచ్చు. అత్యవసర సంఖ్య 112. నిజానికి నేను జాగ్రత్త చెప్పేది మనుషుల గురించి కాదు: కాలిబాట లేని రోడ్డుమీద మసక చీకట్లో నడవవద్దు, గొర్రెల మంద కనబడితే దూరంగా తిరిగి వెళ్లండి. మందను కాసే తెల్లటి మరెమ్మా కుక్కలు పర్యాటకులను గౌరవించవు.

గోదావరిగట్టు:
ఒక్క మాట తెలియజేస్తున్నాను. కాముచా స్టేషనుకు నాలుగు కిలోమీటర్ల దూరంలోని ఒక ఇంటికి మీరు చెప్పినట్టే రాశాను. మంగళవారం మధ్యాహ్నం రైలు దగ్గరకు వస్తామన్నారు. ఒక్కరికి కొంత తగ్గించారు, రెండు రాత్రుల భోజనం కలిపారు. మూడో రాత్రి వంట ఉండదట. వీసా దరఖాస్తుకు మూడు రాత్రుల ధ్రువీకరణ పత్రం కూడా పంపారు.

రైలుబండి:
నా అభిప్రాయం పూర్తిగా మారలేదు గాని, స్టేషను దగ్గరి ఇల్లు దొరికింది కనుక ఇక వాదించను. మూడో రాత్రి కాముచాకు పైన కొండమీద ఉన్న కోర్తోనా ఊరికి వెళ్లి భోంచేయాలనిపిస్తుంది. వెళ్లేటప్పుడు బస్సు దొరుకుతుంది, భోజనం ముగిసే వేళకు తిరుగు బస్సు మీద ఆశ పెట్టుకోవద్దు. ఆ పగలే కాముచాలో రొట్టె, జున్ను, టొమాటోలు కొనిపెట్టుకోండి.