తాటాకు గ్రంథాల గదిలో అంత చీకటి అవసరమా?

రుషికుల్య (బరంపురం):
ఏ పెద్ద మ్యూజియంలో చూసినా పోథీల (తాటాకు గ్రంథాల) గదిలో దీపాలు మిణుకుమిణుకుమంటుంటాయి. ఇక్కణ్ణుంచి భువనేశ్వర్ దాకా సుమారు 170 కిలోమీటర్లు వెళ్లిన పెద్దాయనకు అక్షరం ఆనకపోతే ఆ ప్రదర్శన ఎవరికోసం? పైగా తాటాకు మీది రాత సిరా కాదు. గంటంతో గీసి, మసి పూసి, పైపైన తుడిచేస్తారు. గీతలో మిగిలిన మసే అక్షరం. మసి ఎంత వెలుతురు పడినా వెలిసిపోదు. కాబట్టి దీపాలు పెంచాలన్నదే నా వాదన.

వంశధార (గుణుపురం):
మసి సంగతి నిజమేనండి. కానీ చెడేది ఆకు. వెలుగు తగిలేకొద్దీ రంగు మారి, పెళుసెక్కి, అంచులు చిట్లుతాయి. బొమ్మల పోథీలైతే మరీ కష్టం, లక్క ఎరుపు ఒకసారి వెలిస్తే తిరిగి రాదు. అందుకే తాటాకు, కాగితం, బట్టలకు 50 లక్సులు (వస్తువు మీద పడే వెలుగు కొలత) దాటనివ్వరు. ఆఫీసు గదిలో 300 నుంచి 500 దాకా ఉంటుంది. నష్టాన్ని వెలుగు, గంటలు గుణించి లెక్కేస్తారు: 500 లక్సుల్లో ఒక గంట, 50 లక్సుల్లో పది గంటలు, రెండూ ఒకటే. రోజుకు 8 గంటలు, వారానికి 6 రోజులు తెరిస్తే 50 లక్సులకే ఏడాదికి దాదాపు 1,25,000 లక్సు గంటలవుతాయి. మీరన్నట్టు పెంచితే మన మనవలకు చూడ్డానికి ఏం మిగులుతుంది?

రుషికుల్య:
అరవై దాటిన కంటి లోపలికి చేరే వెలుగు, ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే మూడో వంతే. ఆ 50 లక్సులు ఎవరి కంటికి సరిపోతాయని పెట్టారు? కనీసం బీరువాకో బటన్ పెట్టండి. నొక్కినప్పుడు పదిహేను సెకన్లు వెలిగి ఆరిపోవాలి.

మహేంద్రగిరి (పర్లాకిమిడి):
బటన్‌కు నేనూ ఓటేస్తాను. అయితే సగం ఇబ్బంది దీపాలది కాదు. ఎండలోంచి నేరుగా ఆ గదిలోకి వెళ్తే ఎవరికీ కనపడదు. లోపల పది నిమిషాలు కూర్చోవాలి, ఆ కాసేపూ ఫోన్ తెర చూడకూడదు. తెల్లచొక్కా అద్దంలో మెరిసి అక్షరాలను కప్పేస్తుంది, ముదురు రంగు వేసుకెళ్లండి. అద్దానికి ఎదురుగా కాక, ఒక పక్కగా నిలబడి ఏటవాలుగా చూడండి. అప్పుడు ఆకు మధ్య దారపు రంధ్రం, దాన్ని తప్పించుకుంటూ సాగిన వరుసలు, మసి రాలిన చోట గంటం గీసిన పాలిపోయిన గాడి కూడా తెలుస్తాయి. చిన్న భూతద్దం పనికొస్తుంది. టార్చ్ వెయ్యొద్దు, అద్దం మీద కొట్టి మీ కళ్లలోనే పడుతుంది. రాతి విగ్రహాలకు వెలుగు భయం లేదు, వాటిని చివరికి ఉంచుకోండి. ఒడిశా స్టేట్ మ్యూజియానికి సోమవారం సెలవు, హైదరాబాద్ సాలార్‌జంగ్‌కు శుక్రవారం.

వంశధార:
బటన్ సరే, కానీ వెలిగిన సెకన్లన్నీ ఏడాది లెక్కలోకి రావాలి. మూడు నెలలకోసారి ఆకు మార్చాలి.

రుషికుల్య:
లెక్క ఒప్పుకుంటాను. ఆకు పక్కనే దాని పెద్ద ఫోటో, మంచి వెలుగులో, కుర్చీలో కూర్చున్నవాళ్ల కంటి ఎత్తులో పెట్టాలి. ఫోటో వెలిసిపోతే ఇంకోటి ముద్రించుకోవచ్చు.