సుమత్రా దగ్గర 2004ల సునామీ వచ్చింది, 2012ల ఎందుకు రాలే?

నిజాంపేట్ వాలా:
అన్నలూ ఒక డౌట్. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర 9.1 భూకంపం వచ్చి అలలు మచిలీపట్నం దాకా కొట్టినయ్, 2012 ఏప్రిల్ 11న మళ్ల అటు దిక్కే 8.6 వచ్చింది, అది కూడా చిన్నదేం కాదు కదా, మరి అప్పుడు పెద్ద అల ఎందుకు రాలే? టీవీల మాత్రం బ్రేకింగ్ న్యూస్ మస్తు నడిచింది. నాది కామర్స్, సింపుల్‌గా చెప్పుండ్రి.

గ్రానైట్ గుట్ట:
నంబర్ ఒక్కటే చూస్తే లాభం లేదు బ్రో, సముద్రం అడుగు ఎటు కదిలిందనేది అసలు మేటర్. సుమత్రాకి పడమర వైపు పొడుగ్గా ట్రెంచ్ ఉంది, అంటే సముద్రం అడుగున లోతైన కందకం, అక్కడ సముద్రం అడుగున్న ప్లేటు (భూమి పైపెంకులో ఓ పెద్ద ముక్క) ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున పక్క ప్లేటు కిందకి దూరుతుంటుంది, సబ్‌డక్షన్ అంటే అదే. సాఫీగా దూరితే గొడవే లేదు, కానీ రెండూ ఒకచోట పట్టేస్తాయి, కిందది పోతూ పైదాని అంచుని కూడా లాక్కుపోతుంది, అలా వందల ఏళ్లు వంగి వంగి ఒకరోజు పట్టు జారుతుంది. బెంచీ మీద ప్లాస్టిక్ స్కేలు వంచి వదిలితే టప్పున లేస్తుంది చూడు, అట్లా. 2004లో దాదాపు 1300 కిలోమీటర్ల పొడవునా, అండమాన్ల దాకా జారింది. అడుగు లేచిన చోట పైనున్న నీళ్లన్నీ లేచాయి, అవి సర్దుకోడానికి రెండు వైపులా పోతే అదే సునామీ. నడిసముద్రంలో గంటకి 700 కిలోమీటర్ల పైనే పోతుంది గానీ పడవలో ఉన్నోడికి తెలియను కూడా తెలియదు, ఒడ్డుకొచ్చి లోతు తగ్గాకే ఎత్తు పెరుగుతుంది.
2012ది ట్రెంచ్ మీద కాదు, ఇంకా పడమరకి, ప్లేటు లోపలే వచ్చింది. రాయి ఎక్కువగా పక్కకి జరిగింది, పైకి లేచింది తక్కువ. నీళ్లని ఎత్తేది లేనప్పుడు పెద్ద అల ఎక్కడిది?

బందరు పిల్ల:
ఒక ముక్క కలుపుతా. అంచు లేస్తే వెనక భాగం దిగుతుంది. 2004లో ఉత్తర అండమాన్ పడమటి ఒడ్డున పగడపు దిబ్బలు నీళ్లలోంచి బయటపడ్డాయి, ఇటు నికోబార్ చివర ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది, లైట్‌హౌస్ మొదలు నీళ్లలోకెళ్లింది. అవునూ, అండమాన్లలో ఉన్న బారెన్ ఐలాండ్ అగ్నిపర్వతం కూడా ఈ సబ్‌డక్షన్ పుణ్యమేనా? మరి హిమాలయాల్లో ఒక్కటీ లేదేంటండీ?

గ్రానైట్ గుట్ట:
దీని పుణ్యమేనండీ. కిందకి దూరే ప్లేటు రాళ్లలో సముద్రం నీళ్లు ఇరుక్కుని ఉంటాయి, ఓ 100 కిలోమీటర్ల లోతుకి పోయేసరికి ఆ నీళ్లు బయటికొచ్చి పైనున్న వేడి రాయిలో కలుస్తాయి, దాంతో అది తక్కువ వేడికే కరుగుతుంది, ఆ మాగ్మానే పైకొస్తుంది. ప్లేటే కరిగిపోయి లావా అవుతుందని చాలా వీడియోల్లో చెప్తారు, అది కరెక్ట్ కాదు. హిమాలయాల దగ్గర ఖండం ఖండాన్ని గుద్దుతోంది, తడిసిన సముద్రపు ప్లేటు దూరడం ఎప్పుడో అయిపోయింది, అందుకే భూకంపాలే తప్ప అగ్నిపర్వతాల్లేవు.

నిజాంపేట్ వాలా:
సమజైంది అన్నా. 2024 డిసెంబర్ 4న ములుగుల 5.3 వస్తే మా దగ్గర ఫ్యాన్లు ఊగినయ్, అది కూడా ఇదేనా?

గ్రానైట్ గుట్ట:
కాదు తమ్ముడూ, మన దగ్గర ట్రెంచ్ ఎక్కడిది. గోదావరి లోయలో పాత పగుళ్లున్నాయి, వాటి మీద ఒత్తిడి పడితే అప్పుడప్పుడూ కదులుతాయి, 1969లో భద్రాచలం దగ్గరా వచ్చింది. కావాలంటే దానికి వేరే థ్రెడ్ పెట్టు.