నలుపు తెలుపు రేంజ్‌ఫైండర్‌కి మొదటి లెన్స్ ఏది తీస్కోవాలె?

నల్లగొండ నలుపుతెలుపు:

అన్నలూ అక్కలూ నమస్తే. లైకా ఎం మోనోక్రోమ్ సెకండ్ హ్యాండ్ల తీస్కున్న, రంగులు పట్టకుంట ఉత్త నలుపు తెలుపే తీసే రేంజ్‌ఫైండర్ (లెన్స్‌లకెల్లి గాకుంట పక్క కిటికీలకెల్లి చూసి ఫోకస్ పెట్టే కెమెరా), 2015ల వచ్చిన టైప్ 246, 24 మెగాపిక్సెల్‌ది. ఉత్త బాడీనే, లెన్స్ లేదు. దోస్తు తన 50 ఎంఎం లెన్స్ ఇస్తే దాంతోనే తిరుగుతున్న, మళ్ల ఇచ్చెయ్యాలె. ఇంతకుముందు డీఎస్ఎల్ఆర్‌ల కలర్ తీసి కంప్యూటర్ల నలుపు తెలుపు చేస్తుంటి గని ఈ ఫైళ్లే వేరు, రాయి మీద ఉలి తగిలిన గీత కూడ తెలుస్తుంది.

నేను తీసేదంత మా ఊరి చుట్టుపక్కలదే. పానగల్‌ల పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం, అండ్ల గర్భగుళ్లె పొద్దంత స్తంభం నీడ కదలకుంట నిలవడతది చూడుండ్రి, దాన్ని సరిగ్గ తియ్యాలని శాన రోజులకెల్లి మనసుల ఉంది. ఇగ ఉదయసముద్రం కట్ట, కూరగాయల మార్కెట్ల ముసలోళ్ల మొఖాలు, మాఘమాసంల చెర్వుగట్టు జాతర. నేను అద్దాలు పెట్టుకుంట, అది జర యాదిల పెట్టుకొని చెప్పుండ్రి.

ఒక్క లెన్స్‌కే పైసలున్నయ్. ఎక్కువ ఎడల్పు పట్టే 35 ఎంఎం తీస్కోవాల్నా, తక్కువ పట్టే 50 తీస్కోవాల్నా? లైకాది కొత్తది అంటే లక్షల మాట, అది నాతోని గాదు, గందుకే లైకాకు పట్టే వేరే కంపెనీల లెన్సులు ఫోక్ట్‌లాండర్, జైస్ జెడ్ఎం చూస్తున్న, పాత స్క్రూ మౌంట్‌వి (మర లెక్క తిప్పి బిగించేటియి) అయినా సరే. రంగే తెల్వని కెమెరాకు రంగులు సరిచేసే ఖరీదు గాజు ఎందుకు, పాతది ఏదన్న చాలు అని ఒకాయన అంటున్నడు, నిజమేనా? ఇంకోటి, మిట్ట మధ్యాహ్నం తీస్తే సున్నం గోడలు, ధోతులు తెల్లగ కాలిపోతున్నయ్, సాఫ్ట్‌వేర్ల ఎంత గుంజినా ఎనకకు వస్తలేవు. లెన్స్ మారిస్తే దీనికేమన్న ఫాయిదా ఉంటదా?

పాలమూరు స్టూడియో:

తమ్మీ, ముందుగాల ఆ కాలిపోయే ముచ్చట చెప్త, ఎందుకంటే లెన్స్ ఎంపిక ఆడికెల్లే మొదలైతది. మామూలు కెమెరా సెన్సర్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల గళ్లు ఉంటయ్. తెలుపు కాలినప్పుడు ఒక ఛానెల్ పోయినా ఇంకో దాంట్ల కొద్దిగ మిగుల్తది, సాఫ్ట్‌వేర్ దాన్నే పట్టుకొని ఎనకకు తెస్తది. నీ కెమెరాకు ఆ గళ్లే లేవు. వచ్చిన వెలుగంత సెన్సర్ మీదనే పడ్తది, ఆ పదును గందుకే వస్తది, చీకట్ల అంత తాకత్ గందుకే. గని కాలిందంటే మొత్తం ఒక్కసారే కాల్తది, ఇగ ఎనకకు తెచ్చేటందుకు ఏం ఉండది. ధోతి తెలుపు చూస్కొని ఎక్స్‌పోజర్ (ఎంత వెలుగు తీస్కోవాల్నో ఆ లెక్క) పెట్టు, మొఖం నల్లగ వస్తే రానీ, నీడలను తర్వాత మూడు స్టాపులు (ఒక్కో స్టాప్‌కు వెలుగు రెట్టింపు) లేపినా ఈ ఫైల్ తట్టుకుంటది. నెగెటివ్ ఫిల్మ్ దినాలల్ల మేము నీడకు ఎక్స్‌పోజర్ ఇచ్చి తెలుపును డెవలపింగ్ల కాపాడుకునేటోళ్లం, ఇది దానికి పూర్తిగ ఉల్టా.

ఇగ లెన్స్. మన దిక్కు ఎండల పేటా (తలపాగా) కట్టుకున్న మనిషిని నిలవెడితే పేటా ధగధగ మెరుస్తది, కండ్లు బొగ్గు లెక్క అయితయ్. ఆడ గట్టి కాంట్రాస్ట్ (తెలుపు నలుపుల తేడా) ఇచ్చే లెన్స్ పెడితే ఆ తేడా ఇంక పెరుగుతది. ఫోక్ట్‌లాండర్ నోక్టన్ 35 ఎఫ్ 1.4 (ఎఫ్ అంకె ఎంత చిన్నగుంటే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటది) రెండు తీర్ల దొరుకుతది, ఎంసి అంటే మల్టీ కోటింగ్, ఎస్‌సి అంటే సింగిల్ కోటింగ్. ఎస్‌సిల గాజుల మధ్యన వెలుగు కొంచెం చెదిరి నీడలల్లకు పాకుతది, కండ్లు పూర్తిగ మునగవు. నలుపు తెలుపు తీసేటోళ్లు ఎస్‌సి కావాలని అడిగి తీస్కునేది దానికే. హుడ్ (లెన్స్ ముంగట ఎండకు అడ్డం పెట్టేది) మాత్రం ఇడువకు, ఎదురెండల ఫోటో మీద మబ్బు కమ్మినట్టు అయితది.

ఇంకొక మాట. మన మహబూబ్‌నగర్‌కు ఆ పేరు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మీదకెల్లి వచ్చింది కద, ఆయన కొలువులనే రాజా దీన్‌దయాళ్ ఫోటోలు తీసిండు. ఆ కాలపు గాజు ప్లేట్లకు నీలం వెలుగు బాగ అంటుతుండె, ఎరుపు అంటకపోతుండె, గందుకే అప్పటి ఫోటోలల్ల ఆకాశం ఉత్త తెల్లకాయితం. నీ సెన్సర్‌కు ఎరుపు కూడ మంచిగనే కనవడ్తది, అయినా సరే మబ్బులు ఇడిగా కనవడాలంటే పసుపు ఫిల్టర్ (లెన్స్ ముంగట బిగించే రంగు గాజు) పెట్టుడే. లెన్స్‌తో పాటే దానికి పైసలు పక్కన పెట్టుకో.

దేవరకొండ పోరడు:

పాలమూరు సార్ ఎక్స్‌పోజర్ గురించి చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్, కానీ నోక్టన్ ఎస్‌సి దగ్గర నేను ఒప్పుకోను. నీడలు లేపితే ఫైల్ తట్టుకుంటుందని సారే అన్నారు, మరి అలాంటప్పుడు లెన్స్‌లోనే కాంట్రాస్ట్ తగ్గించుకోవడం ఎందుకు? తగ్గించడం, పెంచడం రెండూ తర్వాత మన చేతిలో పనే, కానీ ఫ్లేర్ (ఎదురు వెలుగు లెన్స్‌లో చెదరడం) వల్ల పోయిన వివరం మాత్రం తిరిగి రాదు. పైగా నోక్టన్ 35కి గీతలు వంగుతాయి, అంచు దగ్గర నిలబెట్టిన స్తంభం పొట్ట వచ్చినట్టు కనిపిస్తుంది, అపెర్చర్ (లెన్స్ లోపల వెలుగు వచ్చే రంధ్రం) మూస్తున్నకొద్దీ ఫోకస్ కూడా కొంచెం జరుగుతుంది. పానగల్ మండపాల్లో ఉన్నవే స్తంభాలు అన్నా, ఒకదాని వెనక ఒకటి వరసగా, అక్కడ ఇది రోజూ కంట్లో నలుసే. జైస్ బయోగాన్ 35 ఎఫ్ 2 గానీ, సి బయోగాన్ 35 ఎఫ్ 2.8 గానీ పెట్టి చూడు, స్తంభం స్తంభంలాగే నిలబడుతుంది.

35నా 50నా అంటే మాత్రం అద్దాలు పెట్టుకునేవాళ్లకి ఫైండర్‌లో (చూసే కిటికీలో) 28 లెన్స్‌కి హద్దు చూపే ఫ్రేమ్ గీతల అంచులు సరిగ్గా కనపడవు, నీ బాడీ ఫైండర్ బొమ్మని 0.68 రెట్ల సైజులో చూపిస్తుంది, అందులో 35 ఫ్రేమ్ కన్ను దగ్గరగా ఆనిస్తే అందుతుంది, 50 హాయిగా కనిపిస్తుంది. కానీ గుడి లోపల 50 పెట్టుకుని వెనక్కి జరగడానికి చోటేది? మార్కెట్లో మొఖాలకి 35తో రెండడుగులు ముందుకేస్తే అయిపోతుంది, మన వాళ్లు దగ్గరికెళ్లి పలకరిస్తే ఏమనుకోరు, ఎవరి పిల్లగానివి బిడ్డా అని అడుగుతారు అంతే. రేంజ్‌ఫైండర్‌లో మామూలుగా 0.7 మీటర్ల కన్నా దగ్గర ఫోకస్ కాదు కాబట్టి ఎటూ మరీ మీద పడిపోయే ప్రశ్న లేదు.

రంగు లేని కెమెరాకి మంచి లెన్స్ ఎందుకన్న మాట తప్పు. లెన్స్ ఎరుపుని ఒక చోట, నీలాన్ని ఇంకో చోట ఫోకస్ చేస్తే కలర్ కెమెరాలో ఊదా అంచు కనిపిస్తుంది, మనకి తెలిసిపోతుంది. నీ కెమెరాలో ఆ రంగు కనపడదు కానీ ఆ చెదిరిన వెలుగు అక్కడే ఉంటుంది, బూడిద రంగు మసకలాగా, ఎందుకు మెత్తగా వచ్చిందో అర్థం కాదు. దీనికో మంచి కిటుకు ఉంది, నారింజ ఫిల్టర్ పెడితే నీలం వైపు వెలుగు ఆగిపోతుంది కాబట్టి పాత లెన్స్ కూడా కొంచెం పదునెక్కుతుంది. ఒక్క విషయంలో మాత్రం పాత గాజుకి నిజంగా లాభం ఉంది: కొన్ని పాత వైడ్ లెన్సులు డిజిటల్ కలర్‌లో అంచులకి గులాబీ రంగు పులిమేస్తాయి, మోనోక్రోమ్‌లో ఆ గొడవ లేదు, మూలలు కాస్త చీకటిగా వస్తాయంతే.

గద్వాల మగ్గం:

అందరూ ఫిల్టర్ గురించి ఆకాశం దగ్గరే ఆగిపోతున్నరు, అసలు సంగతి చెప్పనీయండి. నేను మగ్గాలు, చీరలే తీస్త. గద్వాల చీర మీకు తెలిసిందే, నడుమ కాటన్, అంచూ కొంగూ పట్టు, కుప్పడం అనే నేత పద్ధతితోని రెండూ కలుపుతరు. ఎర్రటి చీరకి ఆకుపచ్చ అంచు ఉందనుకోండి, కంటికి ఎంత కొట్టొచ్చినట్టు కనపడుతది! అదే మోనోక్రోమ్‌ల తీస్తే రెండూ ఇంచుమించు ఒకే బూడిద రంగు, నేతగాని వారాల కష్టం ఆ అంచుల కలిసిపోయి అసలు కనపడదు. కలర్ ఫైల్ అయితే ఇంట్ల కూచొని ఎరుపు పెంచి పచ్చ తగ్గించుకోవచ్చు, ఈ కెమెరా ఫైల్‌ల రంగే లేదు గనక తర్వాత చేసేదేం లేదు. ఫోటో తీసేటప్పుడే తేల్చుకోవాల. నారింజ ఫిల్టర్ పెడితే ఎరుపు తేలుతది, పచ్చ ముదురుతది, అంచు మీది జరీ గోపురాలు విడివిడిగ వస్తయి. ఆకుపచ్చ ఫిల్టర్ పెడితే దానికి ఉల్టా.

మొఖాలకి కూడ అంతే. ఎర్ర ఫిల్టర్ పెడితే మన చర్మం పాలిపోయినట్టు వస్తది, ముడతలు పోతయి, ఎండల పనిచేసిన మొఖానికి ఉండే ఆ నిండుతనం మొత్తం పోతది. నాకది అసలు నచ్చదు. లేత పసుపు గానీ, పసుపు పచ్చ కలిసిన ఫిల్టర్ గానీ పెట్టి చూడు తమ్ముడూ, మనిషి మనిషిలాగనే ఉంటడు.

ఇప్పుడు లెన్స్ సంగతికొస్తే, నేనైతే ముందు దాని ఫిల్టర్ సైజే చూస్త. జైస్ బయోగాన్ 35లు రెండూ 43 ఎంఎం, వాళ్లదే ప్లానార్ 50 కూడ 43, నోక్టన్ 35 కూడ 43. ఫోక్ట్‌లాండర్ కలర్ స్కోపార్ 35 ఎఫ్ 2.5, అల్ట్రాన్ 35 ఎఫ్ 2 మాత్రం 39. ఏదో ఒక సైజుకి కట్టుబడితే పసుపు, నారింజ, ఆకుపచ్చ ఒక్కొక్కటి కొంటే సరిపోతది, రేపు ఇంకో లెన్స్ కొన్నా అవే పనికొస్తయి. రేంజ్‌ఫైండర్‌ల సుఖమేందంటే చూసేది లెన్స్ లోంచి కాదు, ఎంత ముదురు ఫిల్టర్ పెట్టినా ఫైండర్ మామూలుగనే వెలుతురుగ ఉంటది.

ఫిల్టర్‌తోని ఇంకో లాభం కూడ ఉంది. నీ బాడీ మామూలు ఐఎస్‌వో (వెలుగు పట్టే తాకత్ అంకె) 320, నడిఎండల ఎఫ్ 4 పెడితే సెకనుల 5000వ వంతు కావాల, షట్టర్ ఏమో 4000 దాకనే పోతది. నారింజ ఫిల్టర్ సుమారు రెండు స్టాపులు తింటది, అప్పుడు ఎఫ్ 4కి 1250 దగ్గర వస్తది, వెనక ఉన్న గందరగోళం మసక చేసుకోనీకె వీలైతది. ఎర్రది మూడు స్టాపుల దాక తింటది, దానితోని ఫోకస్ కూడ కొంచెం జరుగుతది, అది పెట్టినప్పుడు లైవ్ వ్యూల (వెనక తెర మీద) చూసుకొని తియ్యి.

కృష్ణా ఒడ్డు:

పాత స్క్రూ మౌంట్ అడిగిండు కద తమ్ముడు, దాని మీద జర రాస్త. నాకు పాత లెన్సులంటే పాణం, జూపిటర్ 8 రష్యా 50 ఎఫ్ 2 ఇప్పటికీ వాడుత, ముసలోళ్ల మొఖాలకు అది ఇచ్చే మెత్తదనం కొత్త గాజుల నేను చూడలే. గని అదే ఒక్కటే లెన్స్ అయితే మాత్రం వద్దు. రష్యా లెన్సుల ఫోకస్ లైకా లెక్కకు అచ్చంగ సరిపోదు, దూరంల తెల్వది, దగ్గర మొఖం ఎఫ్ 2ల తీస్తే కన్ను మీద పెట్టిన ఫోకస్ చెవు మీదకు పోవచ్చు. లైవ్ వ్యూ ఉంది గనక నడుస్తది, జాతరల ఆ టైం యాడుంటది.

ఎవరి కాడ తీస్కున్నా అపెర్చర్ పూర్తిగ తెరిచి ఎనక దిక్కుకెల్లి సెల్‌ఫోన్ టార్చ్ కొట్టి ముంగటికెల్లి చూడు. బూజు అయితే సాలెగూడు పోగుల లెక్క కనవడ్తది, మసక అయితే గాజంత ఆవిరి పట్టినట్టు. బూజు కొద్దిగ అంచుకుంటే ఫోటోల తెల్వది, మసక మాత్రం తీసుకోకు, ఎండల నీ తెలుపంత పాలు కలిసినట్టే అయితది. స్క్రూ లెన్స్‌ను లైకాకు తగిలించే అడాప్టర్ కూడ 50 లెన్స్‌కు 50/75 ది, 35 లెన్స్‌కు 35/135 ది తీస్కోవాలె, తప్పు అడాప్టర్ అయితే ఫైండర్ల తప్పు ఫ్రేమ్ వస్తది. వానకాలం డబ్బాల సిలికా జెల్ ఏసి పెట్టు, నాగార్జునసాగర్ దిక్కు మా ఇండ్లల్ల బీరువాల పెడితే లెన్స్ పని అయిపోయినట్టే.

నల్లగొండ నలుపుతెలుపు:

అందరికీ శనార్తులు, ఇంత ఇడమర్చి ఎవరు చెప్తరు. అక్కా, ఆ చీర అంచు ముచ్చట నా తలకాయల తట్టనే లేదు, మా దిక్కు పోచంపల్లి ఇక్కత్ కూడ అట్లనే ఉంటది కద, ఎరుపు మీద పచ్చ పువ్వులు. ఇగ 35 అయితే ఖాయం, 43 సైజు ఖాయం. దేవరకొండ అన్నా, ఎఫ్ 2 ఆ, ఎఫ్ 2.8 ఆ? 2.8ది చిన్నగ, తేలికగ ఉంటది అంటున్నరు, ధర కూడ తేడా ఉంది.

దేవరకొండ పోరడు:

గుళ్లకే అయితే 2.8 చాలు. గర్భగుడి చీకట్లో ఐఎస్‌వో 3200, 6400 పెట్టినా ఈ కెమెరాలో రంగు చుక్కలు రావు, గింజ లాంటిది వస్తుంది, అది చూడ్డానికి బాగుంటుంది కూడా. సి బయోగాన్ చిన్నగా ఉంటుంది కాబట్టి ఫైండర్ మూలకి అడ్డం పడేది తక్కువ. కానీ నువ్వు చెర్వుగట్టు అన్నావు, అక్కడ తెల్లవారకముందు అగ్నిగుండాలు తొక్కేటప్పుడు వెలుగంతా నిప్పులదీ, దూరంగా ఉన్న ట్యూబ్‌లైట్లదీ, మనుషులేమో కదులుతుంటారు. అక్కడ ఒక్క స్టాప్ అంటే షట్టర్ 60కి 125కి ఉన్న తేడా, అడుగు తీసి వేస్తున్న కాలు మసకగా వస్తుందా నిలబడుతుందా అన్నది దాని మీదే ఉంటుంది. అందుకే నీకు ఎఫ్ 2 అనే చెప్తాను. ఛాయా సోమేశ్వరంలో నీడ అంచుకి మాత్రం ఎఫ్ 5.6 దాకా మూసి, గోడ మీద వెలుగు పడ్డ భాగానికి ఎక్స్‌పోజర్ పెట్టి, ఫిల్టర్ తీసేసి తియ్యి, అక్కడ దానితో పని లేదు.

లెన్స్ రాగానే రేంజ్‌ఫైండర్ కూడా ఒకసారి చూసుకో. బాడీ సెకండ్ హ్యాండ్ కదా. ఊర్లోంచి లతీఫ్ సాబ్ గుట్ట మీది దర్గా వైపు తిప్పి ఫోకస్ రింగ్ ఇన్ఫినిటీకి (అన్నిటికన్నా దూరం గుర్తుకి) ఆనించు, ఫైండర్‌లో కనిపించే రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. తర్వాత మీటరు దూరంలో పేపర్ పెట్టి ఎఫ్ 2లో తీసి, అదే లైవ్ వ్యూలో తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూడు. తేడా ఉంటే స్క్రూడ్రైవర్ నువ్వు పట్టుకోవద్దు, రేంజ్‌ఫైండర్లు బాగుచేసేవాళ్లకే ఇవ్వు.

నల్లగొండ నలుపుతెలుపు:

సరే అన్నా, బయోగాన్ 35 ఎఫ్ 2 ఎతుకుతున్న, హుడ్, పసుపు, నారింజ ఫిల్టర్లు 43వి. హైదరాబాద్ల గని, మన దిక్కు గని ఎవరన్న అమ్మేటోళ్లుంటే ఈడనే చెప్పుండ్రి, వచ్చి టార్చ్ కొట్టి చూసుకొని తీస్కుంట.