కర్నూల్లో అర్బన్ ఫాంటసీ నిలుస్తుందా, నిలవదా?

బుధవారపేట పాఠకుడు

అర్బన్ ఫాంటసీ చట్రం ఇక్కడ అందరికీ తెలిసిందే. ఇవాళ్టి నగరం, దాని కింద ఇంకో నగరం. రక్తపిశాచులు, తోడేలు మనుషులు, మంత్రగాళ్లు మన పక్క వాటాల్లోనే అద్దెకుంటారు, మామూలు జనానికి మాత్రం ఆ సంగతి తెలియదు. కథంతా ఆ గుట్టు మీదే నడుస్తుంది.

నేననేది, ఈ చట్రాన్ని కర్నూలుకో కడపకో తెస్తే నిలవదు. ఇక్కడ "జనానికి తెలియదు" అన్నదే అబద్ధం. కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు, కడుతున్న ఇంటికి దిష్టిబొమ్మ, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ. పిల్లోడు నిద్రలో ఉలిక్కిపడితే దర్గాకు పోయి తాయెత్తు, దానికి మతం అడ్డు రాదు. దెయ్యం ఉందంటే ఈ ఊళ్లో ఎవరూ నోరెళ్లబెట్టరు, "ఏ సందులో?" అని అడుగుతారు. హీరో మూడొందల పేజీలు దాచిన రహస్యం పక్కింటి అవ్వకు మొదటి పేజీలోనే తెలుసు. ఇంక దాచేదేముంది? మన ఊళ్లకు ఎనభైల నాటి వారపత్రికల క్షుద్ర సీరియళ్ల పద్ధతే సరి. ఒక ఇల్లు, ఒక చేతబడి, నమ్మని డాక్టరు ఒకడు, నమ్మిన మాంత్రికుడు ఒకడు. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

పెన్న గట్టు, జమ్మలమడుగు

అన్నా, నమ్మకానికీ గుట్టుకీ ముడిపెట్టినావు, చిక్కంతా ఆడనే.

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లో వజ్రాల వేట తెలుసు కదా. పక్క జిల్లాల నుంచి కూడా జనం వచ్చి నేల చూసుకుంటా నడుస్తారు. ఒకరికి రాయి దొరికిందంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తాది. ఎవరికి దొరికింది, ఎవరు కొన్నారు, ఎంతకు అని బయటి నుంచి ఆఫీసరు వచ్చి అడిగితే? "మాకేం తెల్దు సార్." అందరికీ తెలుసు, సాక్ష్యం మాత్రం ఎవరూ పలకరు. మన తట్టు గుట్టంటే ఇదీ. లండన్ నవల్లో జనం నమ్మరు కాబట్టి రహస్యం నిలుస్తాది. మన నవల్లో జనం నమ్ముతారు కాబట్టే నోరు మూసుకుంటారు. అప్పుడు హీరోకు పని తగ్గదు, పెరుగుతాది. నిజం మొదటి అధ్యాయంలోనే దొరికిపోయింది, దాన్ని పైకి చెప్పే ఒక్క నోరు దొరికేదానికి నవలంతా పడుతుంది.

బుధవారపేట పాఠకుడు

అది క్రైమ్ నవల తమ్ముడూ. సాక్షి దొరకని కేసు. దాంట్లో దెయ్యాన్ని తీసేసి మనిషిని పెట్టినా కథ మారదు. అతీతశక్తిని తీసేస్తే కూలిపోవాలి, అప్పుడే అది ఫాంటసీ.

పెన్న గట్టు, జమ్మలమడుగు

ఒక్క నియమం కలుపు, కూలిపోతుంది. ఎవరు ఆ దెయ్యం గురించి పైకి చెబితే వాళ్ల పేరు దానికి తెలుస్తుంది. అంతే. ఇప్పుడు ఊరి మౌనం పిరికితనం కాదు, ఆచారం. అవ్వ చీకటి పడినాక పాము అనకుండా "పురుగు" అన్నట్టే దీనికీ ఇంకో పేరు పెట్టుకుంటారు. హీరో ఎవర్నన్నా సాక్ష్యం అడిగితే వాళ్ల ప్రాణం అడిగినట్టు. పోలీసోడు అడిగినా అంతే.

సున్నపురాయి, బేతంచెర్ల

గుట్టు సంగతి మీరిద్దరూ తేల్చుకోండి. ఇలాంటి నవలలు చచ్చేది అక్కడ కాదు, నియమాల దగ్గర. ఇంగ్లీషు నవలల్లోని కట్టుబాట్లు యూరప్ జానపదం, పాత నవలలు, సినిమాల నుంచి వచ్చినవి: పిలవనిదే పిశాచి గడప దాటదు, పారే నీటిని దాటలేదు, వెండి తగిలితే తోడేలు మనిషికి ప్రాణాంతకం. మనవాళ్లు వీటిని ఉన్నదున్నట్టు దించుతారు, మూడో అధ్యాయానికి ఊరే వాటిని తినేస్తుంది.

పిలుపునే తీసుకోండి. మన వీధుల్లో గుమ్మం ముందు మనిషి కనబడితే ఎవరో అడగకముందే "రాండి, కూసోండి" అంటారు. పిశాచికి వీధంతా ఒక్క సాయంత్రం పని. అందుకే పిలుపును మంచినీళ్లకు మార్చుకోవాలి. ఆ ఇంటి నీళ్లు తాగితేనే దానికి లోపల బలం. అప్పుడు "మంచినీళ్లు తెమ్మంటారా?" అన్న మామూలు మాటకే చదివేవాడికి గుండె జారుతుంది. అద్దె ఇంట్లో నీళ్లివ్వాల్సింది ఓనరా, కాపురమున్నవాళ్లా అన్నది మొదటి యాభై పేజీల్లో తేల్చేయాలి. చివర్లో అవసరం కొద్దీ తేలిస్తే మోసం చేసినట్టే ఉంటుంది.

పారే నీళ్ల నియమం మాత్రం కర్నూలుకు అచ్చొస్తుంది. ఊరు హంద్రీ, తుంగభద్ర కలిసే చోట ఉంది. వానాకాలంలో రెండు వైపులా కాపలా. ఏప్రిల్, మే నెలల్లో తుంగభద్రలో రాళ్లు తేలతాయి, కాపలా ఎత్తేసినట్టే. కేసీ (కర్నూలు-కడప) కాలువకు నీళ్లు వదిలే నెలల్లో ఒక లెక్క, ఆపిన నెలల్లో ఇంకో లెక్క. పంచాంగం కంటే నీటిపారుదల శాఖ ప్రకటన చూసి భయపడే మంత్రగాడు ఎక్కడా లేడు, ఇక్కడే పుట్టాలి. (హంద్రీలో ఎండాకాలం పారేది ఎక్కువగా మురుగే. అది ప్రవాహం కిందికి వస్తుందా రాదా అన్నది మంత్రగాళ్ల సంఘంలో తగాదాగా పెట్టుకోవచ్చు.) 2009 అక్టోబరు 2న నది ఊళ్లోకొచ్చిన రోజు ఈ నియమం ప్రకారం ఏమైనట్టు? కాపలా ఇంట్లోకే వచ్చింది, లోపలున్నది బయటికి పోలేకపోయింది. ఆ ఒక్క రాత్రి మీద ఒక నవల రాయొచ్చు.

ఆధారాల సంగతి. మన రచయితలు మాయ ఆనవాలు అనగానే నీలిరంగు వెలుగు రాస్తారు. మన గడప బండ ఉండగా అదెందుకు? కడప నల్ల బండైనా, బేతంచెర్ల నాపరాయైనా సున్నపురాయే. నిమ్మరసం పడితే పులుపు రాయిని తింటుంది, నునుపు పోయి తెల్లగా మసకబారిన మచ్చ మిగులుతుంది. తుడిస్తే పోదు, నీళ్లు పోసి కడిగినా పోదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే. నల్ల బండకు నూనె రాస్తే మచ్చ కనబడదు, సబ్బుతో రుద్దగానే మళ్లీ తేలుతుంది. అంటే గడప మీద నిమ్మకాయ తొక్కించిన జాడను విలన్ నూనెతో దాస్తాడు, పండగకు గడప కడిగిన ఇంటామెకు అది దొరుకుతుంది. గ్రానైట్ గడపైతే ఈ జాడ పడదు. కొత్త అపార్ట్‌మెంట్లలో ప్రయోగాలు పట్టుబడకపోవడానికి కారణం కూడా దొరికింది.

దిష్టి ఎర్రనీళ్లూ అంతే. చెంబెడు నీళ్లలో చెంచాడు పసుపు, చిటికెడు సున్నం కలిపితే ఎర్రగా తిరుగుతాయి. నిమ్మరసం పిండుతూ పోతే మళ్లీ పసుపు రంగుకొస్తాయి. రంగు వేసిన బజారు కుంకుమ కలిపి ఎరుపు చేసినవైతే అట్లా తిరగవు. దొంగ దిష్టినీ అసలు దిష్టినీ విడదీసే పరీక్ష వంటింట్లోనే ఉంది. నియమం ఎప్పుడూ చేత్తో చేసి చూడగలిగేదై ఉండాలి, చదివేవాడు పుస్తకం మూసి లేచిపోయి చేసి చూడాలి.

ఇంకొక్కటి, ఖర్చు. "శక్తి హరించుకుపోయింది" అని రాస్తే ఎంత హరించుకుపోయిందో ఎవడికీ తెలియదు. లెక్కకు అందేలా పెట్టండి. మంత్రం వేస్తే ఒక రోజు ఉప్పు రుచి పోతుంది అనుకోండి. చప్పటి ఉగ్గాని మాట్లాడకుండా తినేసిన మనిషిని చూసి పక్కవాళ్లే కనిపెట్టేస్తారు.

మర్రిమాను, కదిరి

సున్నపురాయి గారూ, తోడేలును దిగుమతి సరుకులో కలిపేశారు, అది ఒప్పుకోను. అనంతపురం బీళ్లలో, రోళ్లపాడు గడ్డి నేలల్లో తోడేళ్లు నిజంగా ఉన్నాయి. గొర్రెల కాపర్లకు వాటి నడక తెలుసు, గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయే వేళ తెలుసు. దిగుమతైంది దాని సైజు. మంచు దేశాల నవలల్లో అది దూడంత ఉంటుంది. మన తోడేలు బక్కది, ఇరవై కిలోలు, మహా అయితే పాతిక. డెబ్బై కిలోల మనిషి అందులోకి మారితే మిగిలిన యాభై కిలోలు ఎక్కడికి పోయాయి? రచయిత దీనికి జవాబు రాసుకోవాలి. ఎక్కడో దాచుకుంటాడనుకుంటే ఆ దాచిన చోటే అతని బలహీనత. ఒక్క మనిషి మూడు తోడేళ్లుగా చీలతాడనుకుంటే ఇంకా బాగు, మందలో ఒకటి చస్తే తెల్లారి మనిషిలో ఏం తగ్గుతుంది?

వెండి పని చేయదన్న మాట మాత్రం నిజం. కాళ్లకు పట్టీలు, మొలకు వెండి తాడు. పుట్టిన పసిబిడ్డ ఒంటి మీదే వెండి ఉన్న ఊళ్లో ఆ జాతి ఏనాడో అంతరించి ఉండాలి.

ఉగ్గాని బజ్జీ, కర్నూలు

మర్రిమాను అక్కా, ఒక్క మనవి. రెండు తోడేలు వర్గాలు తెల్ల సుమోల్లో వచ్చి, పెద్ద తోడేలు తొడకొట్టి, నాటు బాంబు పేలే నవల మాత్రం ఎవరూ రాయకుండా చూడు. సినిమాలతో మాకు సరిపోయింది.

దేవుని కడప వీధి

బుధవారపేట సార్ అడిగిన ప్రశ్నకు ఇంకో మూల నుంచి వస్తా. నన్నడిగితే ఇక్కడ చట్రం ఇరుక్కునేది గుట్టు దగ్గరా కాదు, నియమాల దగ్గరా కాదు, దేవుడి దగ్గర.

విదేశీ సిరీస్‌ల జబ్బు తెలిసిందే. మొదటి పుస్తకంలో ఒక దెయ్యం, రెండులో దాని యజమాని, నాలుగో పుస్తకానికి దేవతలు దిగుతారు, ఆరులో హీరోనే సగం దేవుడు. అక్కడ ఆ దేవతలకు నేడు పెద్దగా పూజ లేదు, రాసినా ఎవరికీ పట్టదు. ఇక్కడ అహోబిలం నవ నారసింహుల్లో ఒకరిని పాత్ర చేసి హీరో పక్కన నిలబెట్టి చూడండి. పాఠకుడు తప్పు పట్టడం అటుంచండి, ఉత్కంఠే చచ్చిపోతుంది. నరసింహుడు ఉన్న సన్నివేశంలో ఎవరు గెలుస్తారో చెప్పాలా? కాలజ్ఞానం పట్టుకుని యాగంటి బసవన్న రంకె వేసేలోపు ప్రపంచాన్ని కాపాడాలని రాసేవాళ్లదీ ఇదే తిప్ప. బసవన్న ఇరవై ఏళ్లకు అంగుళం పెరుగుతాడని చెబుతారు. గడువు అంత దూరమైతే హీరో తిని పడుకోవచ్చు.

కాబట్టి పైమెట్టు ముందే కట్టేయాలి. నా లెక్కలో పొలిమేరే పైమెట్టు. ఊరి దేవత బలం పొలిమేర రాయి దాకా, ఆ తర్వాత పక్క ఊరామెది. జాతరలో పొలి చల్లేది ఆ గీత వెంబడే కదా. హీరో బైకు పొలిమేర దాటిన ప్రతిసారీ నియమాలు మారతాయి. దేవుణ్ణి దింపకుండానే పది పుస్తకాలు నడుస్తాయి.

ఇక పిశాచిని ఆపే శిలువ నియమం. పట్టుకున్నవాడి విశ్వాసాన్ని బట్టి పని చేస్తుందని అక్కడ రాస్తారు. మా కడపలో ఉగాదినాడు ముస్లిం కుటుంబాలు బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ అని వెంకటేశ్వరుడి గుడికొస్తాయి, పెద్ద దర్గాకు అందరూ పోతారు. ఇక్కడ పట్టుకున్నవాడి విశ్వాసం అడిగితే జవాబు ఒక్కటి రాదు. దెయ్యం బతికుండగా దేనికి భయపడిందో చచ్చాకా దానికే భయపడాలి అని తిప్పేయండి. అప్పుడు దెయ్యాన్ని కట్టాలంటే ముందు దాని బతుకు కనుక్కోవాలి: ఎవరి బిడ్డ, ఏ గుడికి పోయేది, ఎవరితో మాటల్లేవు. పెన్న గట్టు అన్న సాక్షులు ఇక్కడ పనికొస్తారు.

చేతబడి గురించి ఒక మాట. మంత్రగత్తె అని ఒంటరి ముసలామెను చూపించే పాత అలవాటు మానాలి. ఆ అనుమానంతో నిజంగానే మనుషుల్ని కొట్టి చంపిన ఊళ్లున్నాయి.

బుధవారపేట పాఠకుడు

పేరు చెబితే ప్రాణం పోయే నియమం గట్టిదే. అది నిలిచే చోటు పల్లె. కర్నూల్లో పదేళ్ల కిందట బతకడానికొచ్చినవాడికి ఆ ఆచారం ఎవరు నేర్పుతారు? వాడు ఫోన్లో వీడియో తీసి గ్రూపులో పెడతాడు.

పైగా చోటు తెలియకుండా రాసేవాళ్లు చాలామంది. బెలుం గుహల్లో "ఎముకలు కొరికే చలి" అని రాస్తారు. లోపల ఉక్కపోత, గాలి ఆడేందుకు పైనుంచి గొట్టాల్లో గాలి కొడతారు, చొక్కా తడిసి వీపుకు అంటుకుంటుంది. మొత్తం పొడవు 3,229 మీటర్లు, జనాన్ని పోనిచ్చేది కిలోమీటరున్నర. మిగిలిన సగం ఏమిటన్నదే అసలు భయం, దాన్ని వదిలేసి చలి రాస్తారు. 2022 నుంచి బెలుం నంద్యాల జిల్లా, లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లా అని కూడా చూసుకోరు. సంగమేశ్వరం గుడిలో ఆగస్టు అమావాస్యకు పూజ చేయించిన రచయితకైతే దండం పెట్టాలి. ఆ నెలలో అది మామూలుగా శ్రీశైలం నీళ్ల కింద ఉంటుంది.

పెన్న గట్టు, జమ్మలమడుగు

వీడియో పెట్టినోడే నీ రెండో అధ్యాయం అన్నా. వాని పేరు దానికి తెలిసింది. గ్రూపులో ఉన్న రెండొందల మందిలో "ఇది ఫలానా చోటే" అని కామెంటు పెట్టినోళ్ల పేర్లు కూడా. కొత్తగా వచ్చినోళ్లకు ఆచారం అట్లనే తెలుస్తాది.

ఉగ్గాని బజ్జీ, కర్నూలు

సున్నపురాయి సార్‌కు ఒక ప్రశ్న. కొండారెడ్డి బురుజు నుంచి గద్వాల కోటకు తుంగభద్ర కింద సొరంగం ఉందని మా ఊళ్లో చెప్పుకుంటారు. పారే నీటి కింద నుంచి పోతే దాటినట్టా, దాటనట్టా?

సున్నపురాయి, బేతంచెర్ల

దాటినట్టు కాదు అని పెడితే సొరంగం తెరిచున్న ఊరికి నది కాపలా ఉత్తదైపోతుంది. దాటినట్టే అని పెడితే సొరంగం కథకు పనికిరాదు. మధ్యలో ఒకటుంది: పైకప్పు నుంచి ఊట నీళ్లు కారని పాత సొరంగం నది కింద ఉండటం అరుదు. ఒక్క చుక్క ఒంటి మీద పడినా నది తాకినట్టే అని నియమం పెట్టండి. ఏప్రిల్లో ఊట తక్కువ, గొడుగు పట్టుకుని పోవచ్చు. సెప్టెంబర్లో కుదరదు. గొడుగుకు చిల్లు ఎవరు పెట్టారన్నది మీరు రాసుకోండి.