అప్‌డేట్: పాప కస్టడీ గురించి అడిగాను కదా

విడిపోయాక మా ఏడేళ్ల పాప కస్టడీ పూర్తిగా నాకే వస్తుందా అని మూడు నెలల కిందట అడిగాను. ధైర్యం చెప్పిన అందరికీ థాంక్స్.

పాప నాతోపాటు ఎంవీపీ కాలనీలో మా అమ్మావాళ్లింట్లోనే ఉంటోంది కాబట్టి విశాఖ ఫ్యామిలీ కోర్టులోనే, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ వేశాం. ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టంలో ఉంది. మా పాపకు ఆ వయసు దాటింది. "అమ్మా, కోర్టు మీ హక్కు కంటే పాప మేలే ముందు చూస్తుంది" అని లాయరు గారు మొదటిరోజే చెప్పారు. అందుకే మావారి మీద కోపం రాయించకుండా స్కూలు ఫీజు రసీదులు, టీకాల కార్డు, నా జీతం స్లిప్పులు పెట్టాను.

జడ్జి గారు పాపతో విడిగా మాట్లాడారు. బయట నాకు ఒకటే టెన్షన్. వచ్చాక నా చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, "నాన్నతో బీచ్‌కి వెళ్లొచ్చా అమ్మా?" అంది. కడుపు తరుక్కుపోయింది.

ప్రస్తుతానికి మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. పాప నా దగ్గరే, ఆదివారాలు పగలు నాన్న దగ్గర. మొన్న ఆర్కే బీచ్ నుంచి చెప్పుల నిండా ఇసుకతో వచ్చింది, సగం మొక్కజొన్న పొత్తు నాకోసం దాచి తెచ్చింది. కేసు ఇంకా నడుస్తోంది. తండ్రిని అసలు కలవనివ్వకూడదన్న పట్టు మాత్రం వదిలేశాను.