ఫంక్షన్ ఉంది, అయినా "సబ్మిట్ ఈజ్ నాట్ ఎ ఫంక్షన్" అంటోంది

ప్రశ్న

జావాస్క్రిప్ట్‌తో బిల్లు లెక్కకట్టే చిన్న వెబ్ పేజీ ఇది. ఫారమ్ ఐడీ "బిల్". టోటల్ సరిచూశాక డాక్యుమెంట్.గెట్‌ఎలిమెంట్‌బైఐడీ("బిల్").సబ్మిట్() అని పిలిస్తే కన్సోల్‌లో (బ్రౌజర్ ఎర్రర్లు చూపించే చోట) "అన్‌కాట్ టైప్‌ఎర్రర్... సబ్మిట్ ఈజ్ నాట్ ఎ ఫంక్షన్" అని ఎర్రగా పడుతోంది.

ఇంకొకటి. అదే ఫారమ్‌లో "చెరిపేయి" బటన్‌కి ఆన్‌క్లిక్="క్లియర్()" పెట్టాను. నొక్కితే ఎర్రరూ లేదు, పనీ జరగదు. నేను రాసిన క్లియర్ ఫంక్షన్ మొదటి లైన్లో ఉన్న కన్సోల్.లాగ్ కూడా రావట్లేదు. స్క్రిప్ట్ ఫైలు లోడవుతోంది, నెట్‌వర్క్ ట్యాబ్‌లో 200 (ఫైలు సరిగా వచ్చింది అని) కనిపిస్తోంది. స్పెల్లింగ్, చిన్న-పెద్ద అక్షరాలు చూసుకున్నాను.

జవాబు 1

రెండింటికీ కారణం ఒకటేనండి, పేర్ల గొడవ.

ముందు సబ్మిట్ సంగతి. ఫారమ్‌లో ఏదో ఒక బటన్‌కో ఇన్‌పుట్‌కో నేమ్ గానీ ఐడీ గానీ "సబ్మిట్" అని ఉండి ఉంటుంది. ఫారమ్ తన లోపలి కంట్రోల్స్‌ని వాటి పేర్లతోనే ప్రాపర్టీలుగా చూపిస్తుంది. ఆ పేరు, అసలు సబ్మిట్ మెథడ్‌ని (ఫారమ్ సొంత ఫంక్షన్‌ని) కప్పేస్తుంది. పిలిచే లైనుకి పైన కన్సోల్.లాగ్(ఫారమ్.సబ్మిట్) పెట్టి చూడండి. ఫంక్షన్‌కి బదులు బటన్ ట్యాగ్ కనిపిస్తే ఇదే. నేమ్ మార్చేయండి, సర్వర్ కోడ్ ఆ పేరు చదువుతుంటే అక్కడా మార్చాలి, చాలామంది మర్చిపోయేది అదే. హెచ్‌టీఎంఎల్ మార్చడం మీ చేతిలో లేకపోతే, అసలు మెథడ్‌ని నేరుగా పిలిచే హెచ్‌టీఎంఎల్‌ఫారమ్‌ఎలిమెంట్.ప్రోటోటైప్.సబ్మిట్.కాల్(ఫారమ్) పనిచేస్తుంది.

క్లియర్ ఇంకా చిత్రం. ట్యాగ్‌లోనే రాసిన ఆన్‌క్లిక్‌లోని పేరుని బ్రౌజర్ ముందు ఆ బటన్‌లో, తర్వాత ఫారమ్‌లో, ఆపై డాక్యుమెంట్‌లో, చివరికి విండోలో (పేజీ అంతటికీ ఉమ్మడి పేర్లుండే చోట) వెతుకుతుంది. డాక్యుమెంట్‌కి క్లియర్ అనే పాతకాలపు మెథడ్ ఒకటి ఉంది. ఇప్పుడది ఏమీ చేయదు. మీ ఫంక్షన్ దాకా వెతుకులాట రాకముందే అది దొరికిపోతోంది, అందుకే ఎర్రర్ కూడా లేదు. "బిల్‌క్లియర్" అని పేరు పెడితే సరి. ఫంక్షన్‌కి "రీసెట్" అని పేరు పెట్టినా ఇంతే: ఫారమ్ సొంత రీసెట్ నడిచి ఫీల్డులన్నీ మొదటి విలువలకి వెళ్లిపోతాయి.

జవాబు 2

పై జవాబు కరెక్టే గానీ, పేర్లు మార్చుకుంటూ పోతే ఎన్నని మారుస్తాం? ట్యాగ్‌లో ఆన్‌క్లిక్ తీసేసి బటన్.యాడ్‌ఈవెంట్‌లిసనర్("క్లిక్", క్లియర్) రాయండి. అప్పుడు బ్రౌజర్ ఆ పేరుని మీ స్క్రిప్ట్‌లోనే వెతుకుతుంది. క్లియర్ తర్వాత బ్రాకెట్లు వద్దు. పెడితే పేజీ లోడయ్యేటప్పుడే ఒకసారి నడిచి, ఆ తర్వాత క్లిక్‌కి ఉలుకూ పలుకూ ఉండదు.

సబ్మిట్() బదులు రిక్వెస్ట్‌సబ్మిట్() వాడండి. సబ్మిట్() రిక్వైర్డ్ (తప్పక నింపాలి) లాంటి చెకింగ్‌లు చేయదు, సబ్మిట్ ఈవెంట్‌నీ లేపదు. రిక్వెస్ట్‌సబ్మిట్ రెండూ చేస్తుంది. సఫారీలో మాత్రం 16వ వెర్షన్ నుంచే ఉంది.

అలాగే ఫారమ్‌లోని "చెరిపేయి" బటన్‌కి టైప్="బటన్" ఇవ్వండి. టైప్ రాయకపోతే అది సబ్మిట్ బటనే. పేజీ రీలోడై కన్సోల్‌లో ఎర్రర్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. క్రోమ్ కన్సోల్ సెట్టింగ్స్‌లో "ప్రిజర్వ్ లాగ్" టిక్ చేసుకుంటే అది కనబడుతుంది.

అడిగినవారు

నిజమే, సేవ్ బటన్ నేమ్ "సబ్మిట్" అని ఉంది. మార్చాక పంపడం, చెరపడం రెండూ పనిచేస్తున్నాయి, థాంక్సండి. స్క్రిప్ట్ ట్యాగ్‌కి టైప్="మాడ్యూల్" పెట్టేసరికి మిగిలిన ఆన్‌క్లిక్="లెక్క()" దగ్గర "లెక్క ఈజ్ నాట్ డిఫైన్డ్" అంటోంది.

జవాబు 3

ఇది వేరే రకం. "నాట్ ఎ ఫంక్షన్" అంటే పిలిచినచోట ఏదో విలువ దొరికింది, అది ఫంక్షన్ కాదు. "నాట్ డిఫైన్డ్" అంటే ఆ పేరే దొరకలేదు. మాడ్యూల్‌లో (తన పేర్లని తనలోనే ఉంచుకునే స్క్రిప్ట్‌లో) రాసిన ఫంక్షన్ విండోలోకి రాదు, కాబట్టి ట్యాగ్‌లోని ఆన్‌క్లిక్‌కి అది కనబడదు. ఆన్‌క్లిక్ ఉంచాలంటే ఫైలు చివర విండో.లెక్క = లెక్క; అని రాయండి, లేదా రెండో జవాబులోలా లిసనర్ పెట్టండి, అదే నయం.

ఫైలుని డబుల్‌క్లిక్ చేసి తెరిస్తే క్రోమ్‌లో మాడ్యూల్ ఫైలు అసలు లోడవదు, కన్సోల్‌లో సీఓఆర్‌ఎస్ (వేరే చోటి ఫైళ్లని ఎప్పుడు వాడనివ్వాలో చెప్పే బ్రౌజర్ నియమం) అని వస్తుంది. ఆ ఫోల్డర్‌లో పైథాన్‌తో వచ్చే చిన్న సర్వర్ హెచ్‌టీటీపీ.సర్వర్ నడిపి లోకల్‌హోస్ట్ 8000లో తెరవండి.