షట్‌డౌన్ అయినా ఫ్యాన్ ఆగట్లేదు: ఫాస్ట్ స్టార్టప్ తీసేస్తే చాలా?

డీటీపీ షాపు: మా షాపులో విండోస్ 10 డెస్క్‌టాప్ ఉందండీ. షట్‌డౌన్ కొడితే స్క్రీన్ నల్లబడుతుంది, మానిటర్‌లో నో సిగ్నల్ అని వస్తుంది. కానీ క్యాబినెట్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, పవర్ లైటు ఆరదు. రీస్టార్ట్ మాత్రం బాగానే అవుతుంది. ఇన్నాళ్లూ పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేవాళ్లం. మెకానిక్ వచ్చి ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేశాడు, ఇప్పుడు ఆగుతోంది. మా తమ్ముడేమో అసలు లోపం అలాగే ఉంది, వదిలేయొద్దు అంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?

రిపేరు బల్ల: మెకానిక్ చేసింది సరైన పని. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి షట్‌డౌన్ తీరు మారింది. తెరిచిన ప్రోగ్రాములు మూసేస్తుంది గానీ, విండోస్ కెర్నల్‌నీ (దాని మూల భాగం), డ్రైవర్లనీ (పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్నవి ఉన్నట్టు హైబర్‌ఫిల్ అనే ఫైల్‌లో దాస్తుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు త్వరగా లేవడానికే ఈ ఏర్పాటు, ఫాస్ట్ స్టార్టప్ అంటే ఇదే. ఈ సౌకర్యం హార్డ్ డిస్కుల కాలానికి పనికొచ్చింది. ఎస్ఎస్‌డీ ఉన్న మెషీన్‌లో దీనివల్ల మిగిలేది కొన్ని సెకన్లే. దానికోసం రోజూ ఈ గొడవ ఎందుకు? తీసేసి మర్చిపోండి.

డ్రైవర్ల పక్షం: ఇక్కడే నాకు అభ్యంతరం. ఏటీఎక్స్ క్యాబినెట్‌లో, అంటే ఇప్పటి మామూలు డెస్క్‌టాప్ పెట్టెలో, ముందున్న బటన్ కరెంటును నేరుగా కోసేయదు. మదర్‌బోర్డు ఎస్ఎంపీఎస్‌కి (లోపలి పవర్ సప్లై డబ్బా) ఒక ఆకుపచ్చ తీగ మీద సంకేతం ఇస్తుంది. ఆ సంకేతం ఉన్నంతసేపూ ఎస్ఎంపీఎస్ ఫ్యాన్లకు కరెంటు ఇస్తూనే ఉంటుంది. అంటే మీ మెషీన్‌లో విండోస్ తన పని ముగించినా, ఆపేయమన్న ఆఖరి ఆదేశం బోర్డు దాకా చేరడం లేదు, లేదా చేరినా బోర్డు పాటించడం లేదు. మధ్యలో ఏదో డ్రైవర్ అడ్డుపడుతూ ఉండొచ్చు. 2015లో విండోస్ 10 వచ్చిన కొత్తలో చాలా ల్యాప్‌టాప్‌లలో అచ్చం ఇదే బాధ. ఇంటెల్ బోర్డుల్లో ఉండే మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే భాగం డ్రైవర్ 11వ వెర్షన్ తీసేసి పాతది వేసుకుంటే చాలామందికి కుదిరింది. టిక్ తీసి ఊరుకుంటే ఆ డ్రైవర్ అలాగే ఉంటుంది. రేపు స్లీప్‌లోనో హైబర్నేట్‌లోనో (తెరిచిన పనినంతా డిస్కులో దాచి ఆగడం) మళ్లీ బయటపడొచ్చు.

ఇంకో మాట. రీస్టార్ట్ బాగుంది కాబట్టి బోర్డు మంచిదే అనుకోకండి. రీస్టార్ట్‌లో కరెంటు ఆపే ఘట్టమే రాదు.

రిపేరు బల్ల: ఒప్పుకుంటాను. కానీ పాత అసెంబుల్డ్ సిస్టమ్‌కి సరైన డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది? కంపెనీ సైట్‌లో ఆ మోడల్ పేజీయే తీసేసి ఉంటారు. జనం ఊరూపేరూ లేని డ్రైవర్ అప్‌డేటర్లు దించుకుంటారు, లేకపోతే యూపీఎస్ లేకుండా బయోస్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ మొదలుపెడతారు. మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు. డీటీపీ షాపువాళ్లకు పని ఆగకపోవడం ముఖ్యం. హాని లేని చిన్న మార్పుతో పని జరుగుతుంటే దాన్ని తక్కువ చేయొద్దు.

రెండు ఓఎస్‌లు: విండోస్ పక్కనే ఉబుంటు అనే లినక్స్ ఓఎస్ కూడా వేసుకున్నవాళ్లు ఎలాగూ ఫాస్ట్ స్టార్టప్ ఆపుకోవాల్సిందే. లేకపోతే విండోస్ పార్టిషన్ చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది, లేదా అసలు తెరుచుకోదు.

డ్రైవర్ల పక్షం: డీటీపీ షాపు గారూ, ఊహలతో పని లేకుండా ఒక పరీక్ష చేయండి. టిక్ మళ్లీ పెట్టి, షిఫ్ట్ కీ నొక్కిపట్టి షట్‌డౌన్ కొట్టండి. అప్పుడు ఆ ఒక్కసారికి పూర్తి షట్‌డౌన్ అవుతుంది. అలా ఆగి, మామూలుగా ఆగకపోతే ముందు డ్రైవర్లనే అనుమానించండి. డివైస్ మేనేజర్‌లో సిస్టమ్ డివైసెస్ కింద ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఉంటే, అందులో రోల్ బ్యాక్ (పాత డ్రైవర్‌కి వెనక్కి వెళ్లే బటన్) పనిచేస్తుందేమో చూడండి. షిఫ్ట్‌తో కూడా ఆగకపోతే యూఎస్‌బీ పరికరాలన్నీ పీకి మళ్లీ చూడాలి, తర్వాత బయోస్, ఎస్ఎంపీఎస్. షట్‌డౌన్ తర్వాత మౌస్ లైటు ఒక్కటే వెలుగుతుంటే అది లోపం కాదు. స్టాండ్‌బై కరెంటు ఎప్పుడూ ఉంటుంది.

రిపేరు బల్ల: పరీక్ష మంచిదే. దీనికి ఒకటి కలుపుతాను. యూట్యూబ్‌లో చెప్పే పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్ కమాండ్ మాత్రం ల్యాప్‌టాప్‌లో కొట్టొద్దు. అది హైబర్నేట్‌నే పూర్తిగా తీసేస్తుంది. బ్యాటరీ అడుగంటినప్పుడు మీ ఫైళ్లను కాపాడేది అదే. టిక్ తీస్తే చాలు.

డీటీపీ షాపు: సాయంత్రం షిఫ్ట్ పట్టి చూస్తాను. అప్పటిదాకా, ఎప్పుడైనా ఆగకపోతే బటన్ నొక్కిపట్టి ఆపొచ్చా?

డ్రైవర్ల పక్షం: హార్డ్ డిస్క్ లైటు మిణుకుమంటుంటే ఆగండి, ఇంకా రాస్తోందని అర్థం. అది నిలిచాక కాసేపు చూసి, కనీసం నాలుగు సెకన్లు నొక్కిపట్టండి.